ఉప్పునీటి కొలను: క్లోరిను రాబడి, ఖర్చు

ఇంటి ఆవరణలో ఉప్పునీటి ఈతకొలను కట్టించుకొన్నవారిలో పెక్కుమంది తమ నీటిలో క్లోరిను లేదనియే నమ్మి సంతోషించుచుందురు. కొలను కట్టినవాడు చెప్పిన మాటయో, చుట్టములలో ఎవరో అనగా విన్న మాటయో గాని, "మాది క్లోరిను కొలను కాదండీ, సాల్టువాటరు" అని వచ్చిన అతిథికి చెప్పుటలో వారికొక తృప్తి యుండును. ఆ తృప్తిని భంగపరచుట నాకిష్టము లేదు గాని, ఈ అధ్యాయము ఆ భ్రమను తొలగించుటతోనే ఆరంభము కావలసియున్నది. ఉప్పునీటి కొలనును కూడ శుభ్రముగ నుంచునది క్లోరినే. తక్కిన కొలనులవారు డబ్బాలలోను మాత్రలలోను కొని తెచ్చి పోయుదానిని ఇక్కడ ఒక చిన్న యంత్రము ఆ నీటిలోని ఉప్పునుండియే గంటగంటకును తయారుచేయుచున్నది, భేదమంతయు అంతే.

యంత్రము పనిచేయు విధము తెలిసినగాని తరువాతి మాటలు తలకెక్కవు కనుక క్లుప్తముగ చెప్పెదను. సముద్రజలములో లీటరు ఒక్కింటికి సుమారు 35 గ్రాముల ఉప్పుండగా, ఈ కొలనులకు కావలసినది 3 మొదలు 3.5 గ్రాములు, అనగా అందులో పదవ వంతు మాత్రమే. నాలుకకు తెలిసీ తెలియనంత. ఫిల్టరు దాటి నీరు కొలనునకు మరలిపోవు గొట్టములో బిగించిన 'సెల్' అను గూటిలో, రుథీనియము, ఇరిడియము వంటి అరుదైన లోహముల ఆక్సైడు పూత గల టైటానియము పలకలు వరుసగ నిలిచియుండును. వాటి నడుమ విద్యుత్తు ప్రవహించినప్పుడు ఒక ప్రక్క క్లోరినును, మఱియొక ప్రక్క హైడ్రోజనును క్షారమును పుట్టును. పుట్టిన క్లోరిను అప్పటికప్పుడే నీటిలో కరగి, హైపోక్లోరస్ ఆమ్లముగ మారి, పాచిని, సూక్ష్మక్రిములను చంపి, ఆ పని ముగియగనే మరల ఉప్పులోని క్లోరైడుగ మారిపోవును. అందుచేత ఉప్పు ఖర్చు కాదు. నీరు ఆవిరియైనను ఉప్పు ఆవిరి కాదు. ఈదువారి ఒంటినంటి పోవునది, ఫిల్టరు బ్యాక్‌వాష్‌లో పోవునది, వానకు కొలను పొర్లి పోవునది తప్ప వేసిన ఉప్పు వేసినట్లే నిలుచును.

ఇంతవరకు చక్కగనే యున్నది. చిక్కంతయు ఆ యంత్రపు డబ్బాపై వెలుగు పచ్చదీపమును నమ్ముటవలన వచ్చును. ఆ దీపము చెప్పునవి రెండే మాటలు: గొట్టములో నీరు పారుచున్నదనియు, ఆ నీటిలో ఉప్పు చాలినంత యున్నదనియు. దాని ప్రక్కన కనబడు 50, 60 అను శాతములకును నీటిలోని క్లోరిను పరిమాణమునకును సంబంధము లేదు; పంపు తిరుగు కాలములో ఎంత భాగము సెల్ పనిచేయవలెనో తెలుపు ఆజ్ఞ అది. ఇండ్లలో సామాన్యముగ పెట్టు యంత్రములకు క్లోరినును పుట్టించుటయే గాని కొలుచుట చేతగాదు. శంకరపల్లి ప్రాంతమున, మండువేసవిలో, ఒక తోటయింటి కొలనును కనిపెట్టియుండు మనిషి నాతో అన్న మాట ఈ సంగతిని నా వివరణకంటె బాగుగ తెలుపును: "లైటు పచ్చగనే ఉన్నది సార్, నీళ్లు గూడ పచ్చగనే అయినయ్." యజమాని సెలవులకు ఊరు దాటిపోయియుండెను. యంత్రము తన పనిని మానలేదు. ఎండ హరించుదానికిని యంత్రము పుట్టించుదానికిని గల వ్యత్యాసమును చూచువారు మాత్రము ఆ యింట లేకపోయిరి.

కావున కొలను గలవాడు మొట్టమొదట నేర్వవలసినది ఇంటి జమాఖర్చు వ్రాయునట్లే క్లోరిను జమాఖర్చును వ్రాయుట. ఇందుకు మూడు సంఖ్యలు తెలియవలెను. మొదటిది కొలనులోని నీటి పరిమాణము. 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, సగటున ఒకటిన్నర మీటరు లోతు గల కొలనులో 48,000 లీటర్లు పట్టును. క్లోరినును కొలుచు పీపీఎం అను మానము వెయ్యి లీటర్లకు ఒక గ్రాము గనుక, ఈ కొలనులో ఒక పీపీఎం పెంచవలెనన్న 48 గ్రాముల క్లోరిను కావలెను. రెండవది సెల్ శక్తి. దానిని గంటకింత అని అట్టపెట్టెపైననే ముద్రింతురు. గంటకు 20 గ్రాములు చేయు సెల్ మన దృష్టాంతమనుకొందము. మూడవది దినమునకగు ఖర్చు; దీనిని ఎవరును ముద్రించి యీయరు, మనము కొలిచి తెలిసికొనవలసినదే. మే నెలలో నిది 3 పీపీఎం అని తేలినదనుకొన్న, దినమునకు 144 గ్రాములు కావలెను, అనగా సెల్ ఏడు గంటలకు పైబడి పనిచేయవలెను. పంపు పది గంటలు తిరుగునట్లయిన యంత్రమును 72 శాతముపై నుంచవలెను. అదే కొలనులో మార్గశిర మాసపు లేతయెండలకు ఖర్చు ఒకటిన్నరకు దిగినచో 36 శాతము చాలును. వేసవిలో పెట్టిన మీటను శీతకాలమందును కదల్పని వారి యింట నీరు ఘాటెక్కును. శీతకాలపు మీటను వేసవి దాక ఉంచినవారి యింట పాచి పట్టును.

సెల్ కొనువారికి ఈ లెక్కలోనే ఒక హెచ్చరిక గలదు. "యాభైవేల లీటర్లకు సరిపోవును" అని అంగడివాడు చెప్పిన మాట అబద్ధము కాకపోవచ్చును గాని, అది పలుమారు సెల్ రేయింబవళ్లు నూరు శాతము పనిచేయుననుకొని కట్టిన లెక్క. తన కొలనునకు రెట్టింపు పరిమాణమునకు తగినదని వ్రాసియున్న దానిని కొనినవాడు పిమ్మట విచారించుట నేనెరుగను. పలకలును ఆ మేరకు తక్కువ అరుగును.

ఇక ఖర్చు పద్దులన్నిటిలోను పెద్దది సూర్యునిది. ఏ రక్షణయు లేని నీటిలో క్లోరినును ప్రత్యక్షమైన మధ్యాహ్నపుటెండలో నుంచినచో, రెండు గంటలు తిరుగకముందే దానిలో అధికభాగము అతినీలలోహిత కిరణములకు విచ్ఛిన్నమై పోవును. దీనిని అరికట్టుటకు వేయు పదార్థమే సయాన్యూరిక్ ఆమ్లము, వాడుకలో స్టెబిలైజరు. ఇది క్లోరినును వదులుగ పట్టియుంచి, ఎండకు దొరకనీయక, అవసరమైనప్పుడు విడుచుచుండును. ఉప్పునీటి కొలనులకు 60 మొదలు 80 పీపీఎం వరకు ఉండుట మేలని అనుభవజ్ఞుల మతము. పైని చెప్పిన కొలనులో దానిని సున్న నుండి 60కి తెచ్చుటకు 2.9 కిలోలు పట్టును. అది చక్కెరవలె కరగునది కాదు. పాత మేజోడులో పోసి, మూతి కట్టి, నీరు కొలనులోనికి వచ్చు తూము ఎదుట వ్రేలాడదీసి, నడుమ నడుమ పిసుకుచుండిన కొన్ని దినములకు గాని పూర్తిగ కలియదు. వేసిన మరునాడే పరీక్షించి, చాలలేదని మరికొంత గుమ్మరించుట తొందరపాటు. ఒక వారమైనను ఆగవలెను.

అయితే ఈ రక్షకునకును మూల్యము చెల్లింపక తప్పదు. స్టెబిలైజరు ఎంత పెరిగిన క్లోరిను అంత మందముగ పనిచేయును. కావున క్లోరిను ఎంత యుండవలెనను ప్రశ్నకు విడిగ సమాధానము లేదు. స్టెబిలైజరు ఎంత యున్నదని ఎదురు ప్రశ్న వేయవలసియుండును. అమెరికా ప్రభుత్వపు వ్యాధి నివారణ సంస్థ సీడీసీ, స్టెబిలైజరు లేని కొలనులో 1 పీపీఎం, ఉన్న కొలనులో 2 పీపీఎం కంటె తగ్గరాదని చెప్పుచున్నది. అది దిగరాని హద్దు. పాచి పట్టకుండ నుండవలెనన్న, ఉప్పునీటి కొలనులో స్వేచ్ఛాక్లోరిను, అనగా ఇంకను పనికివచ్చు క్లోరిను, స్టెబిలైజరులో ఇరువదవ వంతునకు తగ్గనీయకుండుట మంచి లెక్క: 70 ఉన్నచోట 3.5 క్రింది హద్దు, 4 లేక 5 వాడుక. హైదరాబాదు చుట్టుప్రక్కల తోటయిండ్లలో ఇందుకు విరుద్ధముగ సాగు ఒక అలవాటు చూచుచుందుము. సెల్ ఉండియు, నీరు కాస్త మసకబారగనే కాపలామనిషి టీసీసీఏ అను క్లోరిను మాత్రలను తెచ్చి వేయును. ఆ మాత్రలు ఇచ్చు ప్రతి 10 పీపీఎం క్లోరినుతోబాటు సుమారు 6 పీపీఎం సయాన్యూరిక్ ఆమ్లము కూడ నీటిలో చేరును; క్లోరిను ఖర్చగును, ఇది నిలుచును. రెండు మూడు ఋతువులు గడచునప్పటికి స్టెబిలైజరు నూరును దాటి, ఎంత క్లోరినున్నను లేనట్లే అగును. అప్పుడు కొంత నీటిని తోడిపోసి క్రొత్తనీరు పెట్టుకొనుటకంటె ఇంటివారికి సులభోపాయము లేదు.

పరీక్షను గూర్చి కొంచెము విస్తరించి చెప్పవలసియున్నది, ఏలయన తక్కిన సమస్తమును దీనిపై ఆధారపడియున్నది. అంగళ్లలో దొరకు కాగితపు పట్టీలు రంగును చూచి అంచనా వేయుటకే పనికివచ్చును. ఆ రంగును భర్త ఒక విధముగను భార్య ఒక విధముగను చదువుదురు. పసుపురంగు తేలు పాత ఆర్థోటాలిడిన్ చుక్కలు మొత్తము క్లోరినును చెప్పునే గాని అందులో పనికివచ్చునదెంతయో వేరుపరచవు. డీపీడీ అను రసాయనముతో చుక్కలు లెక్కపెట్టు కిట్టు కొంచెము ఖరీదైనను దానినే కొనవలెనని నా సలహా. తూములకు దూరముగ, మోచేతి లోతునుండి నీటిని తీసి, సన్నని గాజుగొట్టములో 10 మిల్లీలీటర్ల గీతవరకు ఉంచి, చిన్న గరిటెడు తెల్లని పొడి వేసి తిప్పినచో నీరు గులాబీ రంగు తిరుగును. ఆ పిమ్మట రెండవ సీసాను నిటారుగ పట్టుకొని ఒక్కొక్క చుక్కయే వేయుచు, ప్రతి చుక్కకును గొట్టమును తిప్పుచుండవలెను. ఏడు, ఎనిమిది చుక్కలవరకు రంగు మొండికేసినట్లుండి, తొమ్మిదవ చుక్కకు ఒక్కసారిగ తెల్లబడి మంచినీరైపోవును. చుక్క ఒక్కింటికి అర పీపీఎం చొప్పున, తొమ్మిది చుక్కలు 4.5. ఇక్కడ వాదులాటకు తావు లేదు. డీపీడీతోనే రంగును పోల్చి చూచు చౌక కిట్టులో ఒక ప్రమాదమున్నది: క్లోరిను పదిని మించి చాల యెక్కువైనప్పుడు అది గులాబీ రంగునే చెరచివేయగా, తెల్లనీటిని చూచి "క్లోరిను లేదు" అని మరికొంత పోయువారు గలరు.

స్టెబిలైజరు పరీక్ష వేరొక తీరు. కొలను నీటిని, ఈ పరీక్షకు ఇచ్చు ద్రావణమును సమపాళ్లలో కలిపి, పాలవలె తెల్లబడిన ఆ మిశ్రమమును, అడుగున నల్లచుక్క గల గొట్టములో కొంచెము కొంచెముగ పోయుచు పైనుండి చూచుచుండవలెను. చుక్క కనుమరుగైన చోటి గీతయే సంఖ్య. దీనిని గదిలో దీపపు వెలుతురున చేయరాదు. ఆరుబయట, సూర్యునికి వీపు పెట్టి, గొట్టమును తన నీడలో నడుము ఎత్తున పట్టుకొని చూడవలెను. ఇది నెలకొకసారి చాలును. క్లోరినును, పీహెచ్‌ను వేసవిలో దినము విడిచి దినమైనను చూడవలెను.

చుక్కల కిట్టు చెప్పు మఱియొక సంగతి గలదు. నీరు తెల్లబడిన పిమ్మట మూడవ సీసానుండి కొన్ని చుక్కలు వేసినప్పుడు మరల గులాబీ రంగు వచ్చినచో, అది సంయుక్త క్లోరిను. చెమట, మూత్రము మొదలగువాటిలోని నత్రజని పదార్థములతో కూడి శక్తి నశించిన క్లోరిను. ఇది అర పీపీఎంను మించరాదు. బహిరంగ కొలనులవద్ద ముక్కుపుటములదరగొట్టు వాసనయు, పిల్లల కన్నులు ఎఱ్ఱబడుటయు దీని మహిమయే. క్లోరిను వాసన మెండుగ నున్నదని యంత్రమును ఆపివేయు పెద్దమనుషులు, తక్కువగ నున్న క్లోరినును మరింత తక్కువ చేయుచున్నారన్నమాట. ఈతకు ముందు పిల్లలచేత స్నానము చేయించుటకు మించిన పొదుపు లేదు.

పీహెచ్ విషయమునకు వత్తును. సెల్‌లో పుట్టు హైడ్రోజను బుడగలు నీటిని కలచుచు అందులోని బొగ్గుపులుసు వాయువును వెడలగొట్టుచుండుటచేత, ఉప్పునీటి కొలనులో పీహెచ్ తనంతట తాను పైకి ప్రాకును. స్టెబిలైజరు లేని నీటిలో పీహెచ్ 7.5 వద్ద క్లోరినులో సగము, 8 వద్ద నాల్గవ వంతు మాత్రమే చురుకైన రూపమున నుండును. స్టెబిలైజరు గల నీటిలో ఈ తగ్గుదల అంత తీవ్రము కాదు. మన ప్రాంతమున పీహెచ్‌ను ముఖ్యముగ అదుపులో నుంచవలసినది సున్నమునుబట్టి. ఇక్కడ అనేక గృహములలో కొలనునకు బోరునీరే గతి. మే నెల యెండకు మన దృష్టాంతపు కొలనునుండి దినమునకు రమారమి 200 లీటర్లు ఆవిరియై పోవును. ఆవిరియైనది నీరు, నిలిచినది సున్నము. లోటు పూరించుటకు మరల పోయునదియు సున్నము గల బోరునీరే. ఈ విధముగ కాఠిన్యము పెరుగుచు పోవును, పలకలవద్దనో పుట్టు క్షారమువలన పీహెచ్ మిక్కిలి అధికము, కావున సున్నము మొట్టమొదట పేరుకొనునది అక్కడనే. గూటిని విప్పి వెలుతురునకెత్తి చూచినచో పలకల నడుమ తెల్లని పెచ్చులు, పొడి పొడిగ, కందిరీగ గూడువలె కనబడును. పీహెచ్‌ను 7.4కును 7.8కును నడుమ నుంచుచు, అది మించగనే హైడ్రోక్లోరిక్ ఆమ్లమును కొద్దికొద్దిగ పంపు తిరుగుచుండగా పోయుచు, కాఠిన్యము 400 పీపీఎం దాటినచో మెత్తనినీటితో కొంత మార్చుచుండిన ఈ పెచ్చులు అరుదగును. పట్టినచో, నాలుగు పాళ్ల నీటిలో ఒక పాలు ఆమ్లము కలిపి, గూటిలో పోసి, నురుగు అణగువరకు ఉంచి కడిగివేయవలెను. నీటిలో ఆమ్లమును పోయవలెను గాని ఆమ్లములో నీటిని పోయరాదు. ఇనుప పనిముట్లతో గీకినచో పూత పోవును. పూత పోయిన పలక మరల కోలుకొనదు.

అన్నియు చేసియు ఒకనాడు నీరు పచ్చబడినదనుకొందము. అప్పుడు సెల్‌ను నూరు శాతముపై పెట్టి కూర్చుండుట నిష్ఫలము. 20 పీపీఎం పెంచవలసివచ్చినచో మన సెల్‌కు రెండు పగళ్లు, రెండు రాత్రులు పట్టును. అంతలో ఎండ కొంత, పాచి కొంత తినివేయును. ఈ సమయమున సెల్‌ను ఆపి, సోడియం హైపోక్లోరైటు ద్రావణమును డబ్బాలతో తెచ్చి పోయవలసినదే. నూటికి పది పాళ్ల బలము గలదైనచో అర లీటరునకు ఈ కొలనులో ఒక పీపీఎం పెరుగును. కాని ఎండలో నిలువయున్న డబ్బా బలము తగ్గియుండును గనుక క్రొత్తదానినే అడిగి తీసికొనవలెను. క్లోరినును స్టెబిలైజరులో నలువది శాతమునకు తెచ్చి, గోడలను కుంచెతో రుద్దుచు, తగ్గినప్పుడెల్ల మరల పోయుచు ఆ మట్టముననే నిలుపవలెను. ఎప్పుడు ఆపవలెననుటకు గుర్తు: సూర్యాస్తమయమునకు పిమ్మట కొలిచి, తిరిగి తెల్లవారకముందే కొలిచినచో, తేడా ఒక పీపీఎంకు మించరాదు. రాత్రి ఎండ లేదు, సెల్ లేదు. తరిగినదంతయు నీటిలోని ప్రాణులు తిన్నదే. ఈ దినములలో ఎవరినీ నీటిలోనికి దిగనీయరాదు. క్లోరిను పదికి లోబడిన తరువాతనే ఈత. హైపోక్లోరైటును, ఆమ్లమును ఒకే బకెటులో గాని ఒకే అరలో గాని ఉంచరాదు. రెండును కలిసినచో వెలువడునది విషవాయువు. బ్లీచింగ్ పౌడరును టీసీసీఏను కలిపినచో అగ్నిప్రమాదము కూడ సంభవించును. కాపలామనిషికి ఈ మాట నోటితో చెప్పుటయే గాక గోడపై వ్రాసి పెట్టవలెను.

వానకాలమునకు వేరు పద్దు వ్రాసికొనవలెను. పది సెంటీమీటర్ల వాన ఈ కొలనులో 3,200 లీటర్ల మంచినీటిని కురిపించి, అంత ఉప్పునీటిని వెడలగొట్టును. ఉప్పు 3,200 పీపీఎం నుండి సుమారు 3,000 పీపీఎంకు దిగును. 2020 అక్టోబరు 13వ తేదీవలె హైదరాబాదు నగర శివార్లలో కొన్నిచోట్ల 30 సెంటీమీటర్లకు పైబడి కురిసినచో, ఉప్పుతోబాటు స్టెబిలైజరులో కూడ ఆరవ వంతు వరకు కాలువ పాలగును. ఉప్పు తగ్గినదని యంత్రము చెప్పును. స్టెబిలైజరు తగ్గినదని చెప్పువారెవరును లేరు. డాలస్ పరిసరములలో స్థిరపడి, పెరటిలో ఇట్టి కొలను గల మనవారికి చిక్కు చలికాలమందు వచ్చును: నీరు సుమారు 15 డిగ్రీల సెల్సియసుకు తగ్గగనే అనేక సెల్‌లు పనిచేయుట మానుకొనును, అప్పుడు చేతితో పోయుటయే శరణ్యము. చలినీటిలో పాచియు మందగించును కనుక పోయవలసినది కొంచెమే.

సెల్ ఆయువు సామాన్యముగ మూడు మొదలు ఏడేండ్లు. అది ముసలిదైనదో, సున్నము పట్టినదో, ఉప్పు తగ్గినదో తెలియక, బాగు చేయువాడు చెప్పినదే వేదముగ క్రొత్తది కొనువారున్నారు. ఇంటిలోనే తేల్చుకొను మార్గమిది. పలకలను శుభ్రపరచి, ఉప్పును సరిచూచి, ఒక రాత్రి సెల్‌ను ఆపి క్లోరిను ఎంత తరిగినదో వ్రాసికొనవలెను. మరునాటి రాత్రి పంపును ఎనిమిది గంటలు తిప్పి, సెల్‌ను నూరు శాతముపై నుంచవలెను. గంటకు 20 గ్రాముల సెల్ ఆ కాలములో 160 గ్రాములు, అనగా మన కొలనులో 3.3 పీపీఎం, చేర్చవలెను. మొదటి రాత్రి తరుగు అర పీపీఎం అనుకొన్న, ఉదయమునకు 2.8 పెరిగియుండవలెను. రెండున్నర పెరిగినను సెల్ గట్టిదే. ఒకటిన్నర కూడ పెరగనిచో, వేసవి రాకముందే క్రొత్త సెల్‌కు డబ్బు సిద్ధము చేసికొనవచ్చును.